ఆ బిల్లు వేరే బిల్లు

ప్రశ్న: నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. మాది జగిత్యాల దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఆరేళ్ళ నుంచి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల డెస్క్‌లో పని చేస్తున్నాను. నా ఇంగ్లీషు మా మేనేజర్‌కి నవ్వులాట అయిపోయింది. గ్రామర్ పుస్తకం కొని పన్నెండు టెన్సులూ కంఠతా పట్టాను. కాగితం మీద బాగానే వస్తాయి, నోరు తెరిస్తే ఒక్కటీ రాదు. పోయిన నెల నైజీరియా నుంచి వచ్చిన పేషెంటు తమ్ముడు నా దగ్గరికొచ్చి, ‘ద డాక్టర్ హ్యాజ్ గివెన్ హిమ్ ఎ క్లీన్ బిల్ ఆఫ్ హెల్త్’ అన్నాడు. నేను ‘బిల్ విల్ కమ్ ఇన్ వన్ అవర్, సర్’ అన్నాను. పక్కనున్న వాళ్ళంతా ఒకటే నవ్వు. అప్పటినుంచి ఇంగ్లీషులో ఫోన్ వస్తే చాలు, టెన్షన్‌తో చేతులు చల్లబడుతున్నాయి. ఐదు వందల ఇడియమ్స్ ఉన్న పుస్తకం కొన్నాను. రోజుకి పది చొప్పున బట్టీ పట్టాలనుకుంటున్నాను. ఈ వయసులో ఇది పనికొస్తుందా, లేక కోచింగ్‌కి వెళ్ళాలా? ‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో కూడా ఎప్పటికీ తేలడం లేదు. నా కొడుకు ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. వాడు కూడా నన్ను సరిదిద్దుతున్నాడు. మేనేజర్ తప్పు పట్టిన నా మాటలు కొన్ని విడిగా కాగితం మీద రాసి పంపుతున్నాను. నాకు ఇంగ్లీషు ఎప్పటికైనా వస్తుందా?

సమాధానం: అమ్మా, ముందు ఆ బిల్లు సంగతి తేల్చేద్దాం.

పూర్వం ఓడ ఒక రేవు వదిలేటప్పుడు అక్కడి అధికారులు ఒక కాగితం ఇచ్చేవారు. ఈ ఊళ్ళో ప్లేగు లాంటి అంటురోగాలు లేవు అని అందులో రాసి ఉండేది. ఆ కాగితాన్ని ‘బిల్ ఆఫ్ హెల్త్’ అనేవారు. అది శుభ్రంగా ఉంటే తర్వాతి రేవులో మనుషుల్ని దిగనిచ్చేవారు, లేకపోతే క్వారంటైన్. ఓడలు పోయినా మాట మిగిలింది. డాక్టరు పరీక్షచేసి ‘ఏమీ లేదు, బాగున్నావు పో’ అంటే అదే క్లీన్ బిల్ ఆఫ్ హెల్త్. ఆ బిల్లుకీ మీరు ప్రింట్ తీసే బిల్లుకీ సంబంధం లేదు. అసెంబ్లీలో పెట్టేదాన్ని కూడా బిల్లనే అంటాం కదా, దానికి డబ్బు కట్టమని ఎవరూ అడగరు.

బిల్లింగ్ కౌంటర్ పక్కన ఆరేళ్ళుగా కూర్చున్న మనిషికి ‘బిల్’ అని వినబడితే బిల్లు గుర్తు రాక ఇంకేం గుర్తొస్తుంది? నవ్విన వాళ్ళలో ఆ మాటకి అర్థం తెలిసి నవ్విన వాళ్ళెందరో నాకు అనుమానమే. పైగా మీ జవాబులో మొదట ఒక ‘ద’ తగ్గింది తప్ప పెద్ద తప్పేమీ లేదు. ‘ద బిల్ విల్ బి రెడీ ఇన్ యాన్ అవర్’ అంటే ఇంకాస్త సహజంగా ఉండేది, అంతే.

ఇప్పుడు మీ ఉత్తరంలో చివరి వాక్యం. ‘నాకు ఇంగ్లీషు ఎప్పటికైనా వస్తుందా?’ అని రాశారు. మీ చిక్కు అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. నేను ముప్పై ఏళ్ళకి పైగా జూనియర్ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పాను. నేనూ తెలుగు మీడియంలో చదివినవాణ్ణే. నా దగ్గర చదివిన పిల్లల తప్పుల్లో చాలావాటికి మూలం ‘నాకు’ అన్న ఈ చిన్న మాటే.

తెలుగులో మనకి అన్నీ వస్తాయి. జ్వరం వస్తుంది, కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, ఏడుపు వస్తుంది, లెక్కలు వస్తాయి, ఈత వస్తుంది. మనం ఉన్నచోటే ఉంటాం, అవి బయట్నుంచి వచ్చి మన మీద వాలతాయి. ఇంగ్లీషువాడు అలా అనుకోడు. వాడి వాక్యంలో మనిషే ముందు కూర్చుంటాడు. జ్వరం ఆ మనిషికి ఉన్న వస్తువు, కోపం ఆ మనిషి తెచ్చుకున్న సంగతి, ఈత ఆ మనిషి చేయగలిగిన పని. మీరు రాసిన ‘ఫీవర్ కేమ్ టు ద పేషెంట్’ అన్న వాక్యం తెలుగులో నూటికి నూరుపాళ్ళు సరైంది. పేషెంటుకి జ్వరం వచ్చింది. ఇంగ్లీషులో మాత్రం ‘ద పేషెంట్ హ్యాడ్ ఎ ఫీవర్’ అనాలి.

కాబట్టి మీరు కొత్తగా ఏ పుస్తకమూ తెరవక్కర్లేదు. రేపు ఒక్కరోజు మీ నోటి వెంట వచ్చే తెలుగులో ‘నాకు’, ‘ఆయనకి’, ‘పేషెంటుకి’ ఎన్నిసార్లు వస్తుందో గమనించండి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు గుర్తుంది, నాకు అర్థమైంది, నాకు ఆకలేస్తోంది, నాకు ఇష్టం, నాకు ఇద్దరు పిల్లలు. ఇవన్నీ ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ‘టు మి’ కావు, ‘ఐ’ అవుతాయి. ఐ నో, ఐ వాంట్, ఐ రిమెంబర్, ఐ అండర్‌స్టాండ్, ఐయామ్ హంగ్రీ, ఐ లైక్, ఐ హ్యావ్ టూ చిల్డ్రన్. మీరు ‘ఐయామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్’ అన్నారని మేనేజర్ నవ్వారట. ‘హ్యావింగ్’ అంటే ఆ పని ఇప్పుడు జరుగుతోందని అర్థం. ‘ఐయామ్ హ్యావింగ్ లంచ్’ అనొచ్చు, ఎందుకంటే ప్లేటు ముందు కూర్చుని తింటున్నారు. పిల్లలు ఉండటం జరుగుతున్న పని కాదు, ఉన్న సంగతి. నాకు తెలుసు అన్నదాన్ని తెలుగులోనైనా ‘నాకు తెలుస్తున్నది’ అని రోజూ అనం కదా. అలాగే నో, లైక్, వాంట్, బిలీవ్, ‘ఉంది’ అనే అర్థంలో హ్యావ్ లాంటివాటికి ‘ఇంగ్’ తగిలించకండి.

ఇంగ్లీషు సంగతీ అంతే. మనం ‘ఇంగ్లీషు వచ్చా?’ అని అడుగుతాం. వాళ్ళు ‘డూ యూ స్పీక్ ఇంగ్లీష్?’ అని అడుగుతారు, అంటే మాట్లాడతావా అని. మీరు ఆరేళ్ళుగా రోజూ ఆ డెస్క్ దగ్గర మాట్లాడుతూనే ఉన్నారు. ఇంకా వస్తుందా అని గుమ్మంవైపు చూడటం దేనికి?

ఇక ఆరేళ్ళ సంగతి. ‘ఐయామ్ వర్కింగ్ హియర్ సిన్స్ సిక్స్ ఇయర్స్’ అన్నారు. ఇది కూడా తెలుగు వాక్యమే, ఇంగ్లీషు బట్టలు కట్టుకుంది. తెలుగులో ‘ఆరేళ్ళ నుంచి’ అంటాం, ‘2019 నుంచి’ అని కూడా అంటాం. రెండింటికీ ఒకే ‘నుంచి’. ఇంగ్లీషులో ఈ రెండూ విడిపోతాయి. ఎంతకాలం అని కొలత చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. ఫర్ సిక్స్ ఇయర్స్, సిన్స్ 2019. రెండో తేడా ఏమిటంటే, తెలుగులో ‘చేస్తున్నాను’ అంటే చాలు, నిన్నటినుంచీ చేస్తున్నా, ఈ నిమిషమే చేస్తున్నా ఒకటే క్రియ. ఇంగ్లీషులో గతంలో మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి ‘హ్యావ్ బీన్’ కావాలి. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్.’ ఈ వాక్యాన్ని అలాగే నోటికి పట్టించుకోండి. సంఖ్యా, పనీ మార్చుకుంటూ ఇరవై వాక్యాలు చేసుకోవచ్చు. ‘హి హ్యాజ్ బీన్ టేకింగ్ బీపీ టాబ్లెట్స్ ఫర్ టెన్ ఇయర్స్.’ క్లెయిమ్ ఫారాల్లో ఈ వాక్యం మీకు రోజూ పనికొచ్చేదే.

పన్నెండు టెన్సుల పట్టిక గోడకి అంటించి ఉంటే తీసేయండి. పుస్తకం కోసం పన్నెండు, డెస్క్ దగ్గర నాలుగైదు చాలు. ఉదయం నుంచి సాయంత్రం దాకా మీరు మాట్లాడేవి: ఐ చెక్, ఐయామ్ చెకింగ్, ఐ చెక్ట్, ఐ హ్యావ్ చెక్ట్, ఐ విల్ చెక్. ఇందులో మనల్ని ఏడిపించేది నాలుగోది. ‘చూశాను’ అని మనం ఒక్క మాటతో సరిపెట్టేస్తాం, వాళ్ళు రెండు చేస్తారు. దీనికి నేను పిల్లలకి చెప్పే చిట్కా ఒకటుంది. వాక్యంలో నిన్న, పొద్దున, పోయిన వారం అని ఎప్పుడు జరిగిందో చెప్పేస్తే ‘హ్యావ్’ పెట్టకూడదు. ‘ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్ ఎస్టర్‌డే’ తప్పు, ‘ఐ సెంట్ ద ఫైల్ ఎస్టర్‌డే’ ఒప్పు. ఎప్పుడో చెప్పకుండా ‘పంపేశానండీ, అయిపోయింది’ అన్నట్టు చెప్పాలంటే ‘ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్’. అన్నట్టు, ఈ రెండోదాన్ని అమెరికావాళ్ళు చాలాసార్లు ‘ఐ సెంట్ ఇట్’ తోనే కానిచ్చేస్తారు. కాబట్టి అమెరికా నుంచి ఫోన్ చేసిన పేషెంటు కొడుకు అలా అంటే, పుస్తకం తప్పా ఆయన తప్పా అని కంగారుపడకండి.

ఇక్కడే నాకు భలే ఇష్టమైన ముచ్చట ఒకటుంది. ‘హి హ్యాజ్ గాన్ టు ఢిల్లీ’, ‘హి హ్యాజ్ బీన్ టు ఢిల్లీ’ ఈ రెండింటికీ తేడా చెప్పమని ఇంగ్లీషు మీడియం పిల్లల్ని అడిగినా బుర్ర గోక్కుంటారు. తెలుగులో అడిగితే మా అమ్మమ్మ కూడా చెప్పేది. మొదటిది ‘వెళ్ళారు’, రెండోది ‘వెళ్ళొచ్చారు’. వెళ్ళారు అంటే ఇంకా అక్కడే ఉన్నారు. వెళ్ళొచ్చారు అంటే తిరిగొచ్చి ఇక్కడున్నారు. చూశారా, గ్రామర్ మీ దగ్గర ఇప్పటికే ఉంది, తెలుగు పేరుతో ఉంది.

‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో ఎప్పటికీ తేలడం లేదని రాశారు. దీనికి మీరు చిన్నప్పుడు విన్న కథే పాఠం. అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’. ‘ఆ రాజు ఒకడు ఉన్నాడు, ఒక రాజుకి ఏడుగురు కొడుకులు’ అని ఏ తాతయ్యా కథ చెప్పడు. వినేవాడికి ఇంకా తెలియనిదైతే ‘ఎ’, ఏ రాజో వాడికి తెలిసిపోతే ‘ద’. ‘ఎ పేషెంట్ కేమ్ ఇన్ ఎట్ నైన్. ద పేషెంట్ హ్యాడ్ నో కార్డ్.’ నూటికి డెబ్బై చోట్ల ఈ కథే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది. మిగతాచోట్ల తప్పు చెయ్యండి, ఫర్వాలేదు. అర్థం మారదు.

‘ఎ’నా ‘యాన్’నా అన్నది అక్షరాన్ని బట్టి కాదు, చెవిని బట్టి. యాన్ అవర్, యాన్ ఎమ్మెల్యే, ఎ యూనివర్సిటీ. ఇక మీ చోటికే సంబంధించిన తమాషా ఒకటి: బ్రిటిష్ ఇంగ్లీషులో పేషెంటు ‘టు హాస్పిటల్’ వెళ్తాడు, అతన్ని చూడటానికి వచ్చే చుట్టం ‘టు ద హాస్పిటల్’ వెళ్తాడు. వైద్యానికి వెళ్ళేవాడికి ‘ద’ అక్కర్లేదు, భవనానికి వెళ్ళేవాడికి కావాలి. అమెరికావాళ్ళు ఇద్దరికీ ‘ద’ పెట్టేస్తారు. ఈ విషయంలో అమెరికావాళ్ళతో పొండి, సుఖం.

‘డాక్టర్ ఈజ్ యాంగ్రీ ఆన్ మి’ అన్నారు. నా మీద కోపం కాబట్టి ‘ఆన్’. వాళ్ళకి కోపం మీద ఎక్కదు, మనిషితో ఉంటుంది: యాంగ్రీ విత్ మి. మనం ఒకరితో పెళ్ళి చేసుకుంటాం, వాళ్ళు ‘మ్యారీడ్ టు’. మనం ఒక విషయం గురించి చర్చిస్తాం, వాళ్ళకి ‘డిస్కస్’ లోనే ఆ ‘గురించి’ కలిసి ఉంది, అందుకే ‘డిస్కస్ అబౌట్’ అంటే పప్పులో రెండుసార్లు ఉప్పు వేసినట్టు. ఇటువైపు ‘నాకు వివరించండి’ని ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అంటే ఉప్పు తక్కువ, ‘ఎక్స్‌ప్లెయిన్ టు మి’ కావాలి. ఈ చిన్న ముక్కలకి సూత్రాలు వెతక్కండి. మాటనీ, దాని తోకనీ కలిపి ఒకే మాటలాగా నేర్చుకోండి. ‘యాంగ్రీ’ అని రాసుకోకండి, ‘యాంగ్రీ విత్’ అని రాసుకోండి.

‘వాట్ టైమ్ యూ విల్ కమ్?’ అన్నది కూడా మన వాక్యమే. మీరు రేపు వస్తారు, మీరు ఎప్పుడు వస్తారు. తెలుగులో ప్రశ్న అడిగినా ఎవరి కుర్చీలో వాళ్ళే ఉంటారు. ఇంగ్లీషులో ప్రశ్న అనగానే ‘విల్’ లేచి మనిషి ముందుకొచ్చి నిలబడుతుంది. వాట్ టైమ్ విల్ యూ కమ్? ఇది నేర్చుకున్నాక చాలామంది ఇంకో తప్పు మొదలుపెడతారు: ‘డూ యూ నో వాట్ టైమ్ విల్ హి కమ్?’ అక్కడ ముందే ‘డూ’ వచ్చి నిలబడింది కదా, రెండోవాడు లేవక్కర్లేదు. ‘డూ యూ నో వాట్ టైమ్ హి విల్ కమ్?’

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, ఎందుకంటే మీ కౌంటర్‌కి గ్రామర్ కంటే ఇదే ముఖ్యం. తెలుగులో మర్యాద అంతా ‘అండి’లో ఉంటుంది. ‘కార్డు ఇవ్వండి’ అంటే ఎంతో మర్యాద. దాన్నే ‘గివ్ మి యువర్ కార్డ్’ అన్నారనుకోండి, వాళ్ళ చెవికి ‘కార్డు ఇటివ్వు’ అన్నట్టే ఉంటుంది. మీ మనసులో ‘అండి’ ఉంది కానీ నోట్లో లేదు. ఇంగ్లీషులో ఆ ‘అండి’ వెళ్ళి ‘కుడ్’లో, ‘ప్లీజ్’లో దాక్కుంది. ‘కుడ్ ఐ హ్యావ్ యువర్ కార్డ్, ప్లీజ్?’ ‘వుడ్ యూ మైండ్ వెయిటింగ్ ఫర్ టెన్ మినిట్స్?’ ఒకప్పుడు వాళ్ళకీ నువ్వు, మీరు వేరుగా ఉండేవి. ‘దౌ’ అంటే నువ్వు, ‘యూ’ అంటే మీరు. పదిహేడో శతాబ్దం ముగిసేనాటికి మామూలు మాటల్లోంచి ఆ ‘నువ్వు’ జారిపోయింది. అంటే ఇప్పుడు వాళ్ళు కుక్కని కూడా మీరు అనే పిలుస్తున్నారన్నమాట. అందరికీ ‘మీరు’ దక్కాక అందులో గౌరవం ఏం మిగులుతుంది, అందుకే అది వేరేచోటికి మారింది.

ఇప్పుడు మీ ఐదు వందల ఇడియమ్స్ పుస్తకం. దాన్ని పక్కన పెట్టండి. నా మాట కటువుగా ఉంటే క్షమించండి, కానీ ఆ పుస్తకం మిమ్మల్ని ముంచే ప్రమాదం ఉంది. అలాంటి జాబితాల్లో తప్పకుండా ఉండేది ‘కిక్ ద బకెట్’, అంటే చనిపోవడం. బట్టీ పట్టి ఒకరోజు ఏ పేషెంటు బంధువు దగ్గరో వాడారనుకోండి, అది ‘మీ నాన్నగారు బాల్చీ తన్నేశారండీ’ అన్నట్టే ఉంటుంది. మన బాల్చీ తన్నేయడం ఆ ఇంగ్లీషు నుంచి దిగుమతైందే. ఎవరితో, ఎప్పుడు, నవ్వుతూనా ఏడుస్తూనా అన్నది ఏ జాబితాలోనూ ఉండదు. అర్థం మాత్రం ఉంటుంది. చనిపోయారని చెప్పాలంటే ‘పాస్డ్ అవే’ ఒక్కటి చాలు. మన ఆసుపత్రుల్లో అలవాటైన ‘ఎక్స్‌పైర్డ్’ కూడా బంధువుల ముందు వద్దు. మందు సీసాకీ, బ్యాంకు కార్డుకీ వాడే మాట అది.

ఇంకోటి ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’. మన స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో కుక్కలూ పిల్లులూ కురుస్తూనే ఉంటాయి కానీ, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ నోట అది ఈ రోజుల్లో అమావాస్యకో పున్నానికో వినిపిస్తుంది. అన్నట్టు, ఆ అమావాస్య పున్నమి సంగతిని వాళ్ళు ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటారు. చంద్రుడు ఇద్దరికీ ఒకడే.

ఇడియమ్స్ మాట్లాడటానికి కాదు, ముందు వినడానికి నేర్చుకోండి. మీ కౌంటర్ దగ్గర వినిపించేవి ఓ పాతిక ఉంటాయేమో. ‘హి ఈజ్ నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్’ అంటే గండం ఇంకా గట్టెక్కలేదు. ‘షి పుల్డ్ త్రూ’ అంటే గండం నుంచి బయటపడింది. ‘అండర్ ద వెదర్’ అంటే ఒంట్లో నలతగా ఉంది. ‘బ్యాక్ ఆన్ హిజ్ ఫీట్’ అంటే లేచి తిరుగుతున్నాడు. ‘ప్లే ఇట్ బై ఇయర్’ అంటే ముందే అనుకోకుండా అప్పటికప్పుడు చూసుకుందాం అని. స్వరాల కాగితం లేకుండా చెవితో విని వాయించే వాద్యగాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. ఆఫీసు మెయిళ్ళలో ‘బాల్‌పార్క్ ఫిగర్’ వస్తుంది, అంటే ఉజ్జాయింపుగా చెప్పే అంకె. అమెరికావాళ్ళ బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చింది కాబట్టి మనకి తట్టదు. క్రికెట్‌ని గుర్తుచేసే ‘ఐ వాజ్ స్టంప్డ్’ మాత్రం వెంటనే తడుతుంది చూడండి, జవాబు దొరక్క నిలబడిపోయాను అని. నైజీరియా ఆయన ముందు మీరు స్టంప్డ్ కూడా కాలేదు, బ్యాట్ ఊపారు. అది తగల్లేదు, అంతే.

తెలియని మాట వస్తే ఏం చెయ్యాలి? ‘సారీ, వాట్ డజ్ దట్ మీన్?’ అని అడగడమే. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా ఒకరినొకరు అడుగుతారు. మనవాళ్ళే, తెలియదని ఒప్పుకుంటే పరువు పోతుందని నీళ్ళు నములుతారు. ఈ ‘నీళ్ళు నమలడం’ ఇంగ్లీషులోకి మార్చి ‘చ్యూయింగ్ వాటర్’ అన్నారనుకోండి, ఆ నైజీరియా ఆయన ముఖం కూడా ఆ రోజు మీ ముఖంలాగే ఉంటుంది.

ఇడియమ్స్ కంటే మీకు పది రెట్లు పనికొచ్చేవి చిన్న క్రియలు. గెట్, టేక్, పుట్, లుక్. ఇవి మన ‘పెట్టు’ లాంటివి. అన్నం పెడతాం, బొట్టు పెడతాం, పేరు పెడతాం, దణ్ణం పెడతాం, చివాట్లు పెడతాం, కోడి గుడ్డు పెడుతుంది. వీటన్నిటిలో ఉన్న ‘పెట్టు’కి అర్థమేమిటని మీ పిల్లాడు అడిగితే ఏం చెబుతారు? ఏమీ చెప్పలేరు, అయినా ఒక్కదాంట్లోనూ తప్పు చెయ్యరు. ‘లుక్’ కూడా అలాంటిదే. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం, లుక్ ఫర్ అంటే వెతకడం, లుక్ ఇంటు అంటే సంగతేమిటో కనుక్కోవడం. ‘ఐ విల్ లుక్ ఇంటు ఇట్, సర్’ మీ కౌంటర్‌కి బంగారం లాంటి వాక్యం.

మీరు రాసిన వాటిలో నేను తప్పుగా ఒప్పుకోనిది ఒకటుంది. తోడల్లుడు పేషెంటుతో వస్తే ఫారంలో ‘కో-బ్రదర్’ అని రాశారు, ముంబై ఆఫీసువాళ్ళు అదేం చుట్టరికం అని మెయిల్ పెట్టారు. బావ, మరిది, బావమరిది, తోడల్లుడు, అందర్నీ ఒకే ‘బ్రదర్-ఇన్-లా’లో కుక్కేసిన భాష అది. మనవాళ్ళు దానికొక కొత్త మాట చేసిచ్చారు, నా దృష్టిలో మంచి పనే. అయితే అది దక్షిణాది దాటితే చెల్లని నోటు. ఫారంలో ‘బ్రదర్-ఇన్-లా’ అని రాయండి, మరీ గుచ్చి అడిగితే ‘వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్’ అనండి. ఇంట్లో మాత్రం కో-బ్రదర్ అనే అనండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అనుకున్న రోజు కంటే ముందుకు జరపడానికి మనవాళ్ళు వాడే ‘ప్రీపోన్’ని కూడా ఒకప్పుడు ఇలాగే వెక్కిరించారు. ఇప్పుడది ఇంగ్లీషు డిక్షనరీల్లో దర్జాగా కూర్చుంది.

డిక్షనరీ అంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీతో పాటు, నేర్చుకునేవాళ్ళ కోసమే చేసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి. హోర్న్‌బీ అనే టీచరు జపాన్‌లో పాఠాలు చెబుతూ, మనలాంటి వాళ్ళు ఎక్కడ తడబడతారో చూసి అలాంటిది తయారుచేశాడు. 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసింది. అందులో ప్రతి మాటకీ వాక్యం ఉంటుంది, ఆ మాటని లెక్కపెట్టొచ్చో లేదో కూడా చెబుతుంది. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, లగేజ్, ఎక్విప్‌మెంట్, వీటికి చివర ‘స్’ పెట్టకూడదని అక్కడే తెలుస్తుంది.

వయసు గురించి అడిగారు. ఉచ్చారణ చిన్నప్పుడు అబ్బినంత తేలిగ్గా ఇప్పుడు అబ్బదు, నిజమే. కానీ మీది ఇంగ్లండ్‌వాళ్ళలా వినబడక్కర్లేదు, అర్థమైతే చాలు. ఒక్క విషయం సరిచేసుకోండి: ‘ఈడీ’తో ముగిసే ప్రతి మాటనీ ‘ఎడ్’ అని పలక్కండి. అడ్మిటెడ్ అంటాం, సరే, కానీ డిస్చార్జ్‌డ్, చెక్ట్. ‘డిస్చార్జెడ్’, ‘చెకెడ్’ కావు. టీ, డీ శబ్దాల తర్వాతే ఆ ‘ఎడ్’ నిండుగా పలుకుతుంది.

కోచింగ్‌కి వెళ్ళాలా అన్నారు. అమీర్‌పేటలో మీరు కట్టే డబ్బు పాఠానికి కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషికి. ఆ మనిషి మీకు కౌంటర్ దగ్గరే దొరుకుతున్నాడు, పైగా జీతం ఇచ్చి మరీ. రోజూ మీరు ఇంగ్లీషులో చెప్పాల్సివచ్చిన మాటల్లో తడబడ్డది ఒకటి రాత్రికి నోట్‌బుక్‌లో రాయండి. ముందు తెలుగులో, దాని కింద మీరు అన్నది, దాని కింద సరైంది. సరైంది మీ అబ్బాయిని అడగండి. వాడు సరిదిద్దితే చిన్నబుచ్చుకుంటున్నారు కానీ, ఫీజు అడగని మాస్టారు ఇంట్లోనే ఉన్నాడు. బదులుగా ‘వెళ్ళారు’కీ ‘వెళ్ళొచ్చారు’కీ తేడా మీరు వాడికి చెప్పండి. వాడి తెలుగు ఎలా ఉందో నాకు తెలియదు కానీ ఊహించగలను.

మేనేజర్‌గారి నవ్వు విషయంలో నేను చేయగలిగిందేమీ లేదు. ఆయన మెయిళ్ళు ఒక నాలుగు జాగ్రత్తగా చదవండి. ‘రివర్ట్ బ్యాక్’ అనో (‘రివర్ట్’లోనే ఆ ‘బ్యాక్’ ఉంది), ‘డిస్కస్ అబౌట్’ అనో ఎక్కడో ఒకచోట కనబడుతుంది. కనబడితే ఆయనకి చెప్పకండి, మీలో మీరు నవ్వుకోండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా సంగతి కూడా చెప్పాలి. బయట్నుంచి వచ్చిన ఒక ఎగ్జామినర్‌గారిని గెస్ట్‌హౌస్‌లో దింపి, మర్యాదగా ‘ఐ విల్ కమ్, సర్’ అని చెప్పి ఇంటికెళ్ళి పడుకున్నాను. ఆయన ఉత్తరాదివాడు, పాపం రాత్రి తొమ్మిదిన్నర దాకా భోంచెయ్యకుండా నాకోసం చూశాడట. మీ జగిత్యాలలో ‘పోయొస్త’ అంటారు, మా వైపు ‘వెళ్ళొస్తాను’ అంటాం, ఎక్కడైనా వెళ్ళేవాడు వస్తాననే అంటాడు. మర్నాడు పొద్దున ఆయనకి ఇది వివరించడానికి నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చయింది.

మీ నోట్‌బుక్‌లో మొదటి పది వాక్యాలు పూర్తయ్యాక నాకు పంపండి, చూస్తాను. ఉంటాను మరి. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారో మాత్రం అడక్కండి, వెళ్ళేటప్పుడు ఉంటాను అనే భాష వాళ్ళది కాదు.